వదిలితే పేలే ట్రిగ్గర్

డోబ్రోవ్ అనే ఆ చిన్న ఊరి చుట్టుపక్కల ఎవరి తుపాకీ అయినా భుజానికి సరిగా కుదరకపోతే వాళ్ళు నేరుగా వెళ్ళేది మాంసం కొట్టుకే. ముందు గదిలో లూమిర్ హ్రోమాడ్కా వెల్లుల్లి సాసేజీలు తూచి కాగితంలో చుడుతూ, తల కూడా ఎత్తకుండా, "వెనకాల ఉంది, వెళ్ళండి" అనేవాడు. వెనక గదిలో అతని భార్య ఆర్లిస్ ఉండేది. ఒకప్పుడు మాంసానికి పొగబెట్టే కట్టెలు పేర్చుకున్న గది అది. ఇప్పుడు అక్కడ ఒక పొడుగాటి బల్ల, దాని మీద ఉలులు, చిత్రికలు, ఆకురాళ్ళు, గోడకి ఆనించి ఎండుతున్న వాల్‌నట్ దిమ్మలు. కొట్టులోని పొగ వాసనా, చెక్కపొట్టు వాసనా, తుపాకీ నూనె వాసనా కలిసి ఆమెకు అంటుకుపోయి, చర్చిలో ఎవరి పక్కన కూర్చున్నా తిరిగి చూడకుండానే ఆర్లిస్ వచ్చిందని తెలిసిపోయేది.

ఈ పిచ్చి ఆమెకు పెళ్ళయిన కొత్తలో పట్టుకుంది. మేనమామ ఎమిల్ ఒక గురువారం తన తుపాకీ చేతికిచ్చి గురిపందేల క్లబ్బుకి తీసుకెళ్ళాడు. పేలినప్పుడల్లా పిడి వెనక్కి తన్ని, ఆ ఒక్క సాయంత్రంతో ఆమె చెంప నల్లగా కమిలిపోయింది. ఆదివారం చర్చిలో అందరూ లూమిర్ వంక అనుమానంగా చూశారు. పాపం అతను వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ "నేను కాదు, తుపాకీ" అని చెప్పుకోవలసి వచ్చింది. ఆర్లిస్ మాత్రం తుపాకీని ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టుకుని చాలాసేపు చూసింది. చేతులు పొడుగ్గా, మెడ కొంగలా ఉన్న మగవాడెవడి కోసమో చేసిన వస్తువు అది. తనకు చేతులు పొట్టి, మెడ ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. మామని అడిగి, ఎముకలు కోసే రంపంతో చెక్కపిడి చివర కోసేసింది. చెంప ఆనే చోట చెక్క అతికించి ఎత్తు పెంచింది. ఇంకోచోట చెక్కి తగ్గించింది. మరుసటి గురువారం ఆ తుపాకీ ఆమె భుజం మీద పిల్లి ఒళ్ళో కూర్చున్నట్టు కూర్చుంది.

ఆ సంగతి ముందు ఆడవాళ్ళ చెవిన పడింది. ఆ తరవాత మగవాళ్ళు కూడా రావడం మొదలుపెట్టారు, ఏదో సాసేజీ కోసం వచ్చినట్టు. ఆమె పద్ధతి ఒకటే. తుపాకీ ఖాళీగా ఉందని తను ఒకసారి, తెచ్చినవాళ్ళు ఒకసారి చూడాలి. ఆ తరవాత, "కళ్ళు మూసుకుని భుజానికెత్తు. ఇప్పుడు కళ్ళు తెరువు. ఏం కనబడుతోంది?" గొట్టం వెంబడి చూపు సూటిగా పోతే మంచిదే. పోకపోతే మనిషి ఒంటిని వంచకూడదు, చెక్కనే వంచాలి అనేది ఆర్లిస్. తన కోసం మాత్రం ఎవరో చనిపోయినాయన సామాను వేలంలో ఒక ఒంటిగొట్టం తుపాకీ కొనుక్కుంది. చెక్కపిడి రెండు ముక్కలైపోయి ఉండడం వల్ల దాని జోలికి ఇంకెవరూ రాలేదు. కొత్త పిడి చెక్కడానికి ఒక చలికాలమంతా పట్టింది. ఆ తుపాకీతోనే ఆమె క్లబ్బులో లెక్కలోకి వచ్చే మనిషి అయింది.

క్లబ్బు అంటే బిగ్ బ్లూ ఏటి ఒడ్డున ఒక రేకుల షెడ్డు, దాని ముందు గడ్డి మైదానం. వరుసకి ఐదుగురు నిలబడతారు. ఒక్కొక్కరే "పుల్" అని కేక వేస్తే, ముందున్న గుంటలోంచి యంత్రం నారింజరంగు బిళ్ళ ఒకటి గాల్లోకి విసురుతుంది. ఎటు విసురుతుందో చెప్పలేం. దాన్ని అందరూ పిట్ట అనే అంటారు. అది పగిలితే ఒకటి, పగలకపోతే సున్నా. కాల్చేది ఒక గంట అయితే దాని గురించి షెడ్డులో మాట్లాడుకునేది మూడు గంటలు. ఏ గొట్టం ఎంత పొడుగుండాలి, ఎవరి తూటాలో మందు ఎంత, నూనె ఏది మంచిది, ఎవరి తాత దగ్గర ఎలాంటి తుపాకీ ఉండేది. లూమిర్ తుపాకీ ముట్టేవాడు కాదు. మూలన నూనె మూకుడు దగ్గర నిలబడి బంగాళాదుంపలు వేయిస్తూ అందరి మాటలూ వినేవాడు.

అందరికన్నా పెద్ద గొంతు వెర్లిన్ కుబిచెక్‌ది. మొక్కజొన్న పండించే రైతు. ఆర్లిస్‌తో కలిసి చదువుకున్నవాడు. ఇటలీ నుంచి తెప్పించుకున్న తుపాకీ మీద ఎవరి వేలిముద్ర పడినా జేబురుమాలు తీసేవాడు.

ఒక ఏడు మే నెలలో ఒక గురువారం ఆర్లిస్ తన వంతు రాగానే "పుల్" అంది. పిట్ట లేచింది. గొట్టం పిట్ట వెనకే వెళ్ళింది, అంతా సరిగ్గానే ఉంది. వేలు మాత్రం కదల్లేదు. నొక్కినట్టే అనిపించింది గానీ నొక్కలేదు. చీకట్లో లేని మెట్టు మీద కాలు వేసినవాళ్ళలా ఆమె ఒళ్ళంతా ఒక్కసారి ముందుకు తూలింది. పిట్ట హాయిగా ఎగిరి గడ్డిలో పడింది.

తుపాకీ తెరిచి చూసుకుంది. ఏ తప్పూ లేదు. మళ్ళీ తూటా పెట్టింది. ఈసారి బాగానే పేలింది. సరే ఏదో పరధ్యానం అనుకుంది.

పరధ్యానం కాదు. మరుసటి వారం రెండుసార్లు అయింది. జూలై వచ్చేసరికి ఏ పిట్టకి వేలు ఆడుతుందో, ఏ పిట్టకి మొరాయిస్తుందో తెలియకుండా పోయింది. తెలియకపోవడమే అన్నిటికన్నా ఘోరం. కాల్చేవాళ్ళు దీన్ని ఉలుకు అంటారు. దాని పేరు బయటికి ఎత్తడం కూడా చాలామందికి ఇష్టం ఉండదు, అంటుకుంటుందేమోనని.

షెడ్డులో మాత్రం అందరూ వైద్యులే.

"తుపాకీ బరువు చాలట్లేదు. పిడిలో కాస్త సీసం కూరు."

"బరువు ఎక్కువై చస్తుంటే ఇంకా కూరమంటావేంట్రా?"

"దెబ్బ గట్టిగా తగులుతోంది, ఒళ్ళు భయపడుతోంది. మందు తక్కువున్న తూటాలు వాడు ఆర్లిస్."

"కాఫీ మానెయ్" అన్నాడు ఇంకొకాయన, తన మూడో కప్పు నింపుకుంటూ.

వెర్లిన్ కుర్చీలో వెనక్కి వాలి, అందరూ చెప్పడం అయ్యేదాకా ఆగాడు. "చూడు ఆర్లిస్, పిట్టని కొట్టమన్నాం గానీ దానికి వంగి వంగి దణ్ణాలు పెట్టమనలేదు."

షెడ్డంతా నవ్వింది. ఆర్లిస్ కూడా నవ్వింది. ఇంటికి వెళ్ళేటప్పుడు ట్రక్కులో మాత్రం లూమిర్ రేడియో పెట్టబోయి, ఆమె ముఖం చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

చెప్పినవన్నీ చేసింది. సీసం కూరింది, తీసింది. చిన్న తూటాలు తెచ్చింది. భుజానికి మెత్త కుట్టుకుంది. ఖాళీ తుపాకీతో వెనక గదిలో గోడ మీద పురుగుని గురిచూసి గంటల తరబడి ట్రిగ్గర్ నొక్కింది. అక్కడ వేలు బుద్ధిమంతురాలు. మైదానంలోకి వెళ్ళి పిట్ట లేస్తే చాలు, రాయి అయిపోయేది.

"కొన్నాళ్ళు మానెయ్యకూడదూ" అన్నాడు లూమిర్ ఒకరోజు, మాంసం ముక్కలకి ఉప్పు పట్టిస్తూ.

"మానేస్తే పోతుందా?"

"పోదేమో. నీకు మనశ్శాంతిగా ఉంటుందని."

"నాకు శాంతి ఎందుకు లూమిర్, నాకు పిట్ట కావాలి."

అన్నది గానీ, సెప్టెంబరులో మానేసింది. గురువారం సాయంత్రాలు లూమిర్ పక్కన నిలబడి బంగాళాదుంపలు తరిగింది. బయట కాల్పులు వినబడినప్పుడల్లా కత్తి ఒక క్షణం ఆగేది. జనం ఇంకా తుపాకీలు తెస్తూనే ఉన్నారు. తను కాల్చలేని దాన్ని వేరేవాళ్ళ కోసం అందంగా చెక్కి ఇవ్వడం, పంటి నొప్పితో ఉన్నవాడు ఊరందరికీ విందు వండినట్టు ఉండేది.

చలికాలం మధ్యలో ఒక శనివారం, భుజాల మీద మంచు దులుపుకుంటూ ఓరిన్ థాడెన్ వచ్చాడు. పక్క కౌంటీ ముసలాయన. ట్రిగ్గర్లు బాగుచేయడంలో అతని పేరు ఆ ప్రాంతమంతా తెలుసు. ఎడమ చెవి అసలు వినబడదు, అందువల్ల అందరితోనూ అరిచే మాట్లాడతాడు. భార్య వెల్డా పిట్టంత మనిషి, ఆమె తుపాకీకి పిడి కావాలన్నాడు. కొలతలన్నీ చెప్పాక కదలకుండా అక్కడే నిలబడ్డాడు.

"నీకు ఉలుకు పట్టిందటగా" అని అరిచాడు.

ముందు గదిలో సాసేజీలు కొంటున్నవాళ్ళు అందరూ ఇటు తిరిగి చూశారు. ఆర్లిస్ లేచి తలుపు వేసింది. "మీకెవరు చెప్పారు?"

"మూడు కౌంటీలు చెప్పాయి. సిగ్గెందుకమ్మా? వేలకి వేల తూటాలు కాల్చిన ఒళ్ళు అది. ప్రతిసారీ దెబ్బ తిని తిని, ఒకరోజు ఇక నావల్ల కాదంటుంది. నీకు ధైర్యం లేక కాదు. నీ వేలికి తెలివొచ్చి."

"తెలివి పోవడానికి మందేమైనా ఉందా?"

"తెలివి పోదు. దాన్ని మోసం చెయ్యాలి." కోటు జేబులోంచి ఒక గుడ్డ మూట తీసి బల్ల మీద విప్పాడు. అందులో చిన్న ఉక్కు ముక్కలు, బాగా మెరుగు పెట్టినవి. "నొక్కడానికి నీ వేలు ఒప్పుకోవట్లేదు. సరే. వదలడానికి ఒప్పుకుంటుందేమో అడుగు."

ఆర్లిస్‌కి అదేమిటో తెలుసు. మామూలు తుపాకీ నొక్కితే పేలుతుంది. ఈ ట్రిగ్గర్ పెట్టిన తుపాకీ నొక్కితే పేలదు. నొక్కి పట్టుకుని "పుల్" అనాలి, పిట్ట లేచాక వేలు వదలాలి. వదిలినప్పుడు పేలుతుంది. అది వాడేవాళ్ళ గురించి షెడ్డులో ఏమనుకుంటారో కూడా తెలుసు. పనైపోయినవాళ్ళు పట్టుకునే చేతికర్ర అంటారు.

అయినా ఒక ఉక్కు ముక్క తీసి వెలుగులోకి పట్టి చూసింది.

"వెల్డా పిడికి ఇదీ మారకం" అన్నాడు ఓరిన్. "బిగించేది నేను. నువ్వు దాన్లో వేలు పెట్టకూడదు, చెక్క నీది, ఉక్కు నాది. బిగించాక తుపాకీ మీద, వదిలితే పేలుతుందని రాసిన పసుపు చీటీ అంటిస్తా. ఆ చీటీ ఉన్న తుపాకీ ఎంత స్నేహితుడైనా సరే ఇంకొకరి చేతికి ఇవ్వకూడదు. పళ్ళు తోముకునే బ్రష్ ఇస్తామా ఎవరికైనా?"

"ఇవ్వం."

"ఏంటి?"

"ఇవ్వం" అని ఆమె కూడా అరిచింది. అలా అరిచాక ఎందుకో కాస్త తేలికగా అనిపించింది.

మార్చిలో, ఓరిన్ బిగించి ఇచ్చిన ట్రిగ్గర్‌తో కాల్చడం నేర్చుకోవడానికి ఆర్లిస్ అతని పచ్చికబయలుకి వెళ్ళింది. అక్కడక్కడా ఇంకా మంచు కరగలేదు. కంచె అవతల ఆవులు నిలబడి చూస్తున్నాయి. ఓరిన్ పాత యంత్రం ఒకటి బయటికి ఈడ్చి, స్టూలు వేసుకుని దాని పక్కన కూర్చున్నాడు. మొదటి తూటా ఆకాశంలోకి పోయింది. రెండోది పిట్ట లేవకముందే బురదలోకి పోయింది. ఆవులు కూడా ఇక లాభం లేదన్నట్టు దూరంగా వెళ్ళిపోయాయి. అయితే ఆర్లిస్ గమనించింది ఒకటి ఉంది. ఎటు పోయినా, ప్రతిసారీ పేలుతోంది. పది నెలల తరవాత మొదటిసారి, వేలు ఆమె మాట విన్నది.

"వేలు ఒక్కటే వదులు, చెయ్యంతా వదిలేస్తున్నావు" అని అరిచాడు ఓరిన్.

నిజమే. వదలమంటే అరచెయ్యి మొత్తం విచ్చుకుంటోంది, గొట్టం పైకి లేచిపోతోంది. రెండు వారాలు అలాగే గడిచాయి. మూడో వారం ఇంటికి వచ్చి తుపాకీని బల్ల మీద పెట్టుకుని, మామ తుపాకీని మొదటిసారి చూసినట్టు చూసింది. ఈ పిడిని తను చెక్కింది నొక్కే చేతి కోసం. ఇప్పుడు ఉన్నది వదిలే చెయ్యి. తప్పు చేతిదేం కాదు.

చెయ్యి పట్టుకునే చోటంతా కోసేసింది. లూమిర్ పినతండ్రి పొలంలో గాలివానకి పడిపోయిన వాల్‌నట్ చెట్టు దిమ్మ ఒకటి నాలుగేళ్ళుగా ఎండుతోంది. దానిలోంచి కొత్తది చెక్కింది. అరచేతి గుంటలోకి నిండుగా వచ్చేలా, చూపుడువేలు తప్ప మిగతా మూడు వేళ్ళూ దాన్ని చుట్టుకుని ఎటూ కదలలేకుండా. మొదటిది లావైంది. రెండోది నునుపైపోయింది. మూడోది పట్టుకోగానే లూమిర్‌ని కేకేసింది.

"ఇటు రా. నీ చెయ్యి ఇవ్వు. ఇలా పట్టుకో, ఉట్టి చెక్కే, భయపడకు. ఇప్పుడు చూపుడువేలు ఆడించు."

లూమిర్ ఆడించాడు. మిగతా చెయ్యి కదల్లేదు. "బావుంది" అన్నాడు. "మాంసం కత్తికి కూడా ఇలాంటిది చేసిపెట్టొచ్చుగా."

ఆ శనివారం పచ్చికబయల్లో ఆమె ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంది. "పుల్" అంది. పిట్ట ఎడమకి లేచింది, గొట్టం దాన్ని అందుకుంది, వేలు విచ్చుకుంది. పిట్ట పిండి పిండైపోయి, అది ఉన్నచోట నల్లటి పొగ మిగిలింది. ఆ తరవాతది కూడా పొగే. దాని తరవాతది కూడా. యంత్రంలో బిళ్ళలు అయిపోయేదాకా ఓరిన్ విసురుతూనే ఉన్నాడు. అయిపోయాక వచ్చి ఆ చేతి పట్టుని తడిమి చూశాడు.

"ఇలాంటిది నేనెక్కడా చూడలేదమ్మాయ్. వెల్డా పిడికి కూడా ఇదే పెట్టు. నాకూ ఒకటి."

ఏప్రిల్లో ఆర్లిస్ పసుపు చీటీ అంటించిన తుపాకీతో క్లబ్బుకి వచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు, వెర్లిన్ వచ్చేదాకా. అతను చీటీ చదివి, తల ఊపాడు.

"పిల్లల సైకిలుకి పక్కన చిన్న చక్రాలు పెడతారు చూడు, పడిపోకుండా. అలాంటిదన్నమాట."

"నీ కళ్ళజోడు తీసి ఆ బల్ల మీద పెట్టు వెర్లిన్" అంది ఆర్లిస్ మామూలుగానే. "పెట్టి వచ్చి నా పక్కన నిలబడి కాల్చు. ఆ తరవాత సైకిళ్ళ గురించి మాట్లాడుకుందాం."

ఈసారి షెడ్డు నవ్వింది వెర్లిన్‌ని చూసి. మూకుడు దగ్గర లూమిర్ భుజాలు కదలడం ఆర్లిస్ కంటబడింది.

జూన్‌లో నాలుగు కౌంటీల పోటీ. ఆ ఏడు అది డోబ్రోవ్‌లోనే జరిగింది. గడ్డి మైదానమంతా ట్రక్కులు, గుడారాలు, మడత కుర్చీలు. చర్చి ఆడవాళ్ళు కొలాచెలు, అదే గసగసాలు నింపిన తీపి రొట్టెలు, పళ్ళేల్లో తెచ్చి అమ్ముతున్నారు. తెల్లవారినప్పటి నుంచీ దక్షిణపు గాలి ఈడ్చి కొడుతోంది. ఆ గాలికి పిట్టలు ఒకసారి పైకి ఎగిరిపోతాయి, ఒకసారి రాయిలా కింద పడతాయి. దూరప్రాంతాల నుంచి మంచి పేరున్నవాళ్ళు కూడా వచ్చి ఆ గాలిని తిట్టుకుంటూ వెనక్కి వెళ్ళారు.

పెద్ద పోటీలో ఎంత బాగా కాల్చేవాళ్ళని అంత వెనక్కి నిలబెడతారు. వెర్లిన్ ఆర్లిస్ కన్నా రెండు గజాలు వెనక. సాయంత్రానికి లెక్క చూస్తే అందరికన్నా పైన ఇద్దరే మిగిలారు, ఇద్దరికీ సమానం. వెర్లిన్, ఆర్లిస్. తేలేదాకా మళ్ళీ కాల్చాలన్నారు.

జనం కుర్చీలు ముందుకు జరుపుకున్నారు. లూమిర్ మంట ఆర్పేసి, ఏప్రాన్‌తోనే బయటికి వచ్చి కంచె పట్టుకుని నిలబడ్డాడు. అతను ఆమె కాల్చడం బయటికి వచ్చి చూసింది అదే మొదటిసారి. ఓరిన్, వెల్డా అతని పక్కన చేరారు. "ఏమైనా తిన్నదా?" అని ఓరిన్ అరిస్తే మైదానమంతా వినబడింది. "అరవకండి" అని వెల్డా ఇంకా గట్టిగా అరిచింది.

వెర్లిన్ కొట్టాడు. ఆర్లిస్ కొట్టింది. ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరుగుతూ, ఒకరి తరవాత ఒకరు. మధ్యలో ఒకసారి వెర్లిన్ పిట్ట గాలికి ఎగిరిపోయి తప్పింది. జనం ఊపిరి వదిలారు. రెండు పిట్టల తరవాత ఆర్లిస్‌కి కూడా తప్పింది. అయితే ఆమె ముఖంలో నవ్వు చూసి కుర్చీల్లో ఉన్నవాళ్ళకి ఏమీ అర్థం కాలేదు. ఆమెకు మాత్రం అర్థమైంది. వేలు తన పని తను చేసింది. గురి తప్పింది, అంతే. గురి తప్పడం ఎంత మామూలు విషయం, ఎంత హాయైన విషయం. ఎవరికైనా తప్పొచ్చు. పోయిన ఏడంతా ఆమె ఒక్కసారి కూడా ఇలా నిజాయితీగా తప్పలేకపోయింది. భుజాల్లో బిగువంతా ఆ ఒక్క నవ్వుతో దిగిపోయింది.

చివరి చోటు. ఇద్దరికీ ఒక్కొక్క పిట్ట మిగిలింది. ఇద్దరూ ఇంకా సమానమే.

వెర్లిన్ "పుల్" అన్నాడు. పిట్ట సూటిగా, తేలిగ్గా లేచింది. ఆ రోజు మొత్తానికి అంత తేలిక పిట్ట లేదు. తుపాకీ ఒక క్షణం ఆలస్యంగా పేలింది. పిట్ట చెక్కుచెదరకుండా గడ్డి మీద వాలింది. జనం అంతా పిట్టనే చూస్తున్నారు. పక్కనున్న ఆర్లిస్ మాత్రం వెర్లిన్ తుపాకీ గొట్టాన్ని చూసింది. పేలే ముందు అది ఒక్కసారి కిందికి వంగింది. అతని ఒళ్ళు ముందుకు తూలింది. అదేమిటో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

చూసిందాన్ని అక్కడే పక్కన పెట్టింది. తూటా పెట్టింది, తుపాకీ మూసింది, భుజానికెత్తింది. ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంది. గాలి ఒకసారి ఆగి మళ్ళీ లేచింది.

"పుల్."

పిట్ట కుడివైపుకి దూసుకెళ్ళింది. గాలి తగిలి సగంలో కిందికి జారింది. గొట్టం కూడా దానితో జారింది, దాన్ని దాటింది, వేలు వదిలింది.

నారింజరంగు ఒక్క ముక్క కూడా కింద పడలేదు. అంతా పొగే. గాలి ఆ పొగని లూమిర్ మీదుగా ఏటివైపు తీసుకుపోయింది.

ఆ తరవాత కాసేపు ఎవరు ఏం మాట్లాడారో ఆర్లిస్‌కి గుర్తు లేదు. కారు హారన్లు మోగాయి. చర్చి ఆడవాళ్ళు పళ్ళేలు వాయించారు. ఓరిన్ "ఆ పిడి చూశారా, ఆ పిడి" అని తెలియనివాళ్ళని కూడా పట్టుకుని చెబుతున్నాడు. లూమిర్ కంచె దాటబోయి ఏప్రాన్ ఇరుక్కుని అక్కడే ఆగిపోయాడు. ఆమే అతని దగ్గరికి వెళ్ళింది. ముందు తుపాకీ తెరిచి, ఖాళీ చేసి, మోచేతి మీద వేసుకుని మరీ వెళ్ళింది.

"మనశ్శాంతి వచ్చిందా?" అన్నాడు లూమిర్.

"పిట్ట వచ్చింది."

వెర్లిన్ వచ్చి చెయ్యి చాపాడు. ముఖం పాలిపోయి ఉంది. అందరూ వింటుండగా, "గాలి ఎత్తుకుపోయింది ఆ ఆఖరి పిట్టని" అన్నాడు.

ఆర్లిస్ అతని కళ్ళలోకి చూసింది. ఒక్క మాట అంటే చాలు, పోయిన ఏడు దణ్ణాలకీ, ఈ ఏడు చక్రాలకీ అన్నిటికీ కలిపి చెల్లు. అతని చెయ్యి గట్టిగా పట్టుకుని, "అవును, ఆ విసురు నేనూ చూశాను" అంది.

గెలిచినవాళ్ళకి ఒక వెండి పళ్ళెం ఇచ్చారు. దానితో పాటు ఇంకో బహుమానం కూడా ఉంది. ఇకనుంచి ఆర్లిస్ ఒక గజం వెనక నిలబడి కాల్చాలి. లూమిర్‌కి అది అర్థం కాలేదు. "గెలిస్తే కష్టం పెంచుతారా? ఇదేం న్యాయం?" అని దారంతా అడుగుతూనే ఉన్నాడు. ఆర్లిస్ వెండి పళ్ళెం సంగతి మరిచిపోయి ఆ గజం గురించే ఇంటిదాకా నవ్వుకుంటూ వచ్చింది.

మరుసటి సోమవారం వెర్లిన్ మాంసం కొట్టుకి వచ్చాడు. సాసేజీలు తీసుకున్నాడు. పంది మాంసం తీసుకున్నాడు. అతని ఇంట్లో నెలరోజులకి సరిపడా తీసుకున్నాక, ఇంకేం కొనాలో తెలియక వెనక గదిలోకి వచ్చాడు.

"నాకో స్నేహితుడున్నాడు" అన్నాడు, ఉలుల వంక చూస్తూ.

"ఊఁ."

"వాడికి ఆరేడేళ్ళ నుంచి ఉంది అది. అప్పుడప్పుడూ వస్తుంది, పోతుంది. ఎవరికీ చెప్పుకోలేదు. గాలి అంటాడు, ఎండ అంటాడు, తూటా బాగోలేదంటాడు. వేరేవాళ్ళకి వస్తే ముందు నవ్వేది వాడే. ఎందుకంటే…"

"ఎందుకో నాకు తెలుసులే" అంది ఆర్లిస్. "నీ స్నేహితుడు ఓరిన్ థాడెన్ దగ్గరికి వెళ్ళాలి. ఉక్కు ఆయనది. అది బిగించాక ఇక్కడికి రమ్మను, చెక్క నాది."

"వాడికి కాస్త మొహమాటం. ఆ ముసలాయన గట్టిగా అరుస్తాడు, ఊరంతా వింటుంది."

"ఎడమవైపు నిలబడకుండా కుడివైపు నిలబడమను. మెల్లగా మాట్లాడతాడు."

వెర్లిన్ తల ఊపాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "ఆర్లిస్. వాడి తుపాకీ ఇటలీది. దాని పిడి కోసేస్తావా?"

"ఎముకలు కోసే రంపంతో" అంది ఆమె. వెర్లిన్ ముఖం చూసి జాలేసి, "మెల్లగా కోస్తాలే" అంది.

ఆగస్టు కల్లా క్లబ్బులో పసుపు చీటీలు ఐదయ్యాయి. ఇన్నేళ్ళూ ఎవరికి వారు గాలి మీదా ఎండ మీదా తోసేసి దాచుకున్నవాళ్ళు ఒక్కొక్కరే బయటపడ్డారు. షెడ్డులో ఇప్పుడు ఉలుకు గురించి పంట ధరల గురించి మాట్లాడినంత మామూలుగా మాట్లాడుకుంటున్నారు. వాళ్ళందరి తుపాకీల మీదా అరచేతిలో నిండుగా కూర్చునే ఒకే రకం చేతి పట్టు. పక్క రాష్ట్రం నుంచి కూడా మనుషులు వచ్చి "హ్రోమాడ్కా పట్టు" కావాలని అడిగేవాళ్ళు. అడిగినప్పుడల్లా లూమిర్ ముందు గదిలోంచి "అది నా ఇంటిపేరు కూడా" అని గుర్తుచేసేవాడు.

ఆ గురువారం గాలి లేదు. ఏటి మీద నుంచి చల్లగా, నీటి వాసన వస్తోంది. ఆర్లిస్ తన కొత్త గీత దగ్గరికి వెళ్ళింది, పాతదానికి ఒక గజం వెనక. అక్కడి నుంచి యంత్రం ఉన్న గుంట కొంచెం చిన్నదిగా, మైదానం కొంచెం పెద్దదిగా కనబడింది. కాళ్ళ కింద గడ్డి ఇంకా ఎవరూ తొక్కనంత పచ్చగా ఉంది. ఆమె కాళ్ళు సర్దుకుంది, తుపాకీ మూసింది, భుజానికి ఎత్తుకుంది.

"ఇక చాలా, ఇంకా వెనక్కి వెళ్తావా?" అన్నాడు పక్క గీత మీద నుంచి వెర్లిన్.

"వెళ్తాను" అంది ఆర్లిస్. వేలు బిగించి, పిట్టని పిలిచింది.